మడమ ముందా, మోకాలు ముందా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. కోనసీమలో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఏడాదిన్నరగా తెల్లవారుజామున పరుగెడుతున్నాను. బరువు తగ్గాను, బోర్డర్‌లో ఉందన్న షుగర్ అదుపులోకి వచ్చింది. నెలన్నరగా ఎడమ మడమ కింద నొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుంటుంది, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. మూడు వారాల నుంచి కుడి మోకాలు కూడా మొదలైంది. చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే ఎక్కువ. ఎక్స్‌రే తీసి మడమలో ఎముక పెరిగిందన్నారు. మా అత్తగారికీ మోకాళ్ల నొప్పులే. ఆవిడేమో ‘గుజ్జు అరిగిపోయింది, ఇంక ఆ పరుగులు మానెయ్’ అంటున్నారు. డిసెంబరు ఆఖర్లో విశాఖలో 21 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను. అందుకని వారానికి 18 కిలోమీటర్లు ఉన్నదాన్ని మూడు వారాల్లో 32 చేశాను. ఇప్పుడు మానేయాలా? నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తొచ్చా? రెండు నొప్పులకీ వేర్వేరు డాక్టర్లని చూడాలా? అన్నట్టు, వానలకి ఏటిగట్టు బురదైపోవడంతో సెప్టెంబరు నుంచి తారు రోడ్డు మీద వెళ్తున్నాను. ఎదురొచ్చే బండ్లు కనబడాలని ఎప్పుడూ కుడివైపే పరుగెడతాను. పేరు, ఊరు వేయకండి.

జవాబు:

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో అసలు సంగతంతా ‘అన్నట్టు’ తర్వాతే ఉందండి. మా దగ్గరికి వచ్చేవాళ్లదీ ఇదే వరస. బల్ల మీద కూర్చున్నంతసేపూ నొప్పి ఎక్కడ, ఎలా, ఎప్పుడు అని చెబుతారు. లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి ‘అన్నట్టు’ అంటారు. అప్పుడు మళ్లీ కూర్చోబెట్టాలి. పాతికేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఇప్పుడు ఆ మాట వినబడేదాకా కాగితం మీద పెన్ను పెట్టను.

మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు. ఇద్దరు డాక్టర్లు అక్కర్లేదు. ఉత్తరం చూసి జబ్బు తేల్చేయడం కుదరదు గానీ, మీరు రాసిన తీరు చూస్తే ఇవి రెండు జబ్బుల్లా లేవు. మడమ ముందు మొదలైంది, మూడు వారాలకి మోకాలు అందుకుంది. పైగా ఎడమ మడమ, కుడి మోకాలు. కాలు నొప్పెడుతుంటే దాన్ని మనకి తెలియకుండానే కాపాడుకుంటాం. ఆ కాలి మీద తక్కువసేపు నిలిచి, బరువుని అవతలి కాలి మీదికి తొందరగా తోసేస్తాం. పక్కన పరుగెత్తేవాళ్లకి కూడా కుంటుతున్నట్టు కనబడదు. కానీ మెల్లగా పరుగెత్తేవాళ్లకి కిలోమీటరుకి వెయ్యికి పైనే అడుగులు పడతాయి. ఎడమ కాలు ఎగ్గొట్టిన పనంతా మీ కుడి మోకాలు చేస్తోందని నా అనుమానం.

ఇక రోడ్డు సంగతి. వాన నీరు నిలవకుండా తారు రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా వేస్తారు. మీరు కుడి అంచున పరుగెడుతున్నారు కాబట్టి కుడి పాదం ఎప్పుడూ పల్లంలో, ఎడమ పాదం ఎప్పుడూ మెరకలో పడుతుంది. మెరకలో పడిన పాదం లోపలికి ఒరుగుతుంది. అరికాలి వంపు చదునవుతుంది, ఆ వంపుని పట్టి ఉంచే పట్టీ సాగుతుంది. పల్లంలో ఉన్న కాలికి తుంటి ఓ పక్కకి దిగి, మోకాలికి లాగుడు మొదలవుతుంది. పోయేటప్పుడు అలా ఉన్నా వచ్చేటప్పుడు సరిపోతుంది కదా అనుకుంటారేమో. సరిపోదు. వచ్చేటప్పుడు కూడా బండ్లు ఎదురుగా కనబడాలని రోడ్డు దాటి అవతలి అంచుకి వెళ్తారు. తిరిగి వస్తున్నారు కాబట్టి అది మళ్లీ మీకు కుడివైపే. పోతే మెరక ఎడమ కాలికి, వస్తే మెరక ఎడమ కాలికే. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడికి ఈ విషయం పలక మీద బొమ్మ గీసి చూపిస్తే తప్ప నమ్మలేదు.

గట్టు మీద ఈ గొడవ లేదు. పైన బల్లపరుపుగా ఉంటుంది, అడుగు పడితే మట్టి కాస్త లొంగుతుంది. కాలువ గట్లయితే మరీనూ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయి, కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో, గాలి లేనప్పుడు మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవల్ని లాగేవారు. మైళ్లకొద్దీ ఎగుడుదిగుడు లేని బాట లేకపోతే అది సాగే పని కాదు. పరుగెత్తేవాళ్లకి మన డెల్టాలో ఉన్న ఆస్తి ఆ గట్లే. నాలుగు నెలల వానలు దాన్ని జిగట బురద చేసేస్తాయి, ఏం చేస్తాం.

అలాగని రోడ్డు మీద ఎడమ అంచుకి మారమని మాత్రం చెప్పను. తెల్లవారుజామున రొయ్యల వ్యాన్లు, కొబ్బరికాయల లారీలు వీపు వెనక నుంచి ఎంత వేగంతో వస్తాయో మీకు తెలియంది కాదు. మోకాలికైతే వైద్యం ఉంది. గట్టు ఆరేదాకా మీ స్కూలు గ్రౌండు వాడుకోండి. గుండ్రంగా తిరిగేటప్పుడు ఒకరోజు గడియారం వైపు, మర్నాడు దానికి ఎదురు. ఊళ్లోకి లోపలగా వెళ్లే పుంత ఏదైనా పొడిగా ఉంటే ఇంకా మంచిది.

తారు గట్టిగా ఉంటుంది కాబట్టి చెడ్డదని నేననను. ఏళ్లతరబడి తారు మీదే పరుగెత్తి ఏమీ కానివాళ్లు బోలెడుమంది. మీ విషయంలో మట్టి నుంచి తారుకి మారడం, ఒక పక్కకి వాలిన దారి, 18 కిలోమీటర్లు 32 కావడం, ఈ మూడూ కలిసి ఒక్కసారే వచ్చి పడ్డాయి. గుండె, ఊపిరి కొత్త పనిని త్వరగా అందుకుంటాయి. అరికాలి పట్టీ, చిప్ప చుట్టూ ఉన్న కండరాలు అంత తొందరగా అందుకోలేవు, వాటికి వారాలు, నెలలు పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని దూరం పెంచేస్తాం. నేనూ పెంచాను, ఆ కథ తర్వాత చెబుతాను.

మడమ నొప్పిని మనవాళ్లు మడమ శూల అంటారు. డాక్టర్ల కాగితం మీద ప్లాంటార్ ఫేషియైటిస్ అని ఉంటుంది. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాల్లో ఒక మందపాటి పట్టీ ఉంటుంది. రాత్రంతా పాదం ముందుకి వాలి ఉండటంతో అది బిగిసిపోతుంది. పొద్దున్నే నిలబడగానే ఒక్కసారిగా సాగుతుంది, అదే మీరన్న మేకు. ఎక్స్‌రేలో కనబడిన ఎముక ముల్లు గురించి కంగారు పడకండి. మడమ నొప్పి అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఎక్స్‌రే తీసినా చాలామందిలో అది కనబడుతుంది. అది గుచ్చుకుని మీకు నొప్పి రావట్లేదు, దాన్ని కోసి తీసేస్తే నొప్పి పోదు కూడా. మడమ శూల చాలామందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. ఏడాదా అనకండి. సరైన పనులు చేస్తే మెరుగు వారాల్లోనే తెలుస్తుంది.

మోకాలి విషయం. చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే ఎక్కువ, బస్సులో గంటసేపు కూర్చుని లేస్తే పట్టేసినట్టుండటం, ఇవి పరుగెత్తేవాళ్లలో మామూలుగా కనబడే చిప్ప నొప్పి లక్షణాలు. తొడ, తుంటి కండరాలు బలంగా లేకపోతే చిప్ప మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి చిప్ప దగ్గర కాకుండా మోకాలికి బయటి పక్కన ఉంటే అది వేరే సంగతి. తొడ పక్కన తుంటి నుంచి దిగే పట్టీది అది, రోడ్డు వాలు దానికి ఇంకా పడదు. వేలితో నొక్కి చూసుకోండి, ఏది మీదో తెలిసిపోతుంది.

గుజ్జు అరిగిపోవడమన్నది మనిళ్లలో మోకాలికి సంబంధించిన ప్రతి నొప్పికీ పెట్టేసిన పేరు. పరుగెత్తితే అరుగుతుందని నమ్మకం, మోకాలేమన్నా సైకిల్ టైరా? 2017లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక సమీక్షలో, సరదాకి పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందికి కనబడితే, పరుగు లేకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందికి కనబడింది. పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. పరుగు వల్లే తక్కువైందని దీన్నిబట్టి ఒట్టేసి చెప్పలేం. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగు మొదలుపెట్టి ఉండొచ్చు. కానీ మీ అంత పరుగెత్తేవాళ్ల మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి ఈ లెక్కల్లో ఆధారం దొరకదు. మీకు షుగర్ అదుపులోకి వచ్చిందన్నారు, కదలడం పూర్తిగా మానేస్తే అది మళ్లీ తలుపు తడుతుంది.

ఇప్పుడు మీలాగ రెండూ కలిసి వచ్చినవాళ్లకి ఉండే అసలు చిక్కు చెబుతాను. ఫోన్లో వీడియోలు చూసి సొంత వైద్యం చేసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఒకదానికి మందైంది రెండోదానికి విషమవుతుంది. మోకాలికి మంచిదని ‘మడమ మోపకండి, ముందు పాదం మీద దిగండి’ అని చెప్పేవాళ్లు ఉన్నారు. నిజమే, అలా దిగితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కానీ ఆ భారం గాల్లో కలిసిపోదు కదండీ. పిక్క మీదికి, పిక్కని మడమకి కలిపే తాడులాంటి స్నాయువు మీదికి, అరికాలి పట్టీ మీదికి వెళ్తుంది. మీ ఎడమ మడమకి అది నిప్పుల మీద నెయ్యి. తొడలు బలపడాలని లంజెస్ చేయమంటారు. ఒక కాలు ముందుకి చాపి కూర్చుంటే వెనక కాలు వేళ్ల మీద నిలబడుతుంది, వేళ్లు వెనక్కి వంగి పట్టీ లాగుతుంది. ముందు కాలు మోకాలు బాగా మడిచి చిప్ప నొప్పి పెంచుతుంది. ఒకే వ్యాయామంతో రెండు కాళ్లకీ చెరుపు. స్కిప్పింగ్ సంగతి అడగనే వద్దు. సైకిల్ మడమకి హాయి, మన నేలకి సైకిల్‌ని మించింది లేదు. కానీ సీటు పల్లంగా ఉంటే ప్రతి తొక్కుకీ మోకాలు ఎక్కువ మడిచి చిప్పని నలిపేస్తుంది. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే మడిచి ఉండేలా సీటు ఎత్తండి. ఇంట్లో ఉన్న పిల్లాడి సైకిల్ తీసుకుని వెళ్లకండి.

రెండింటికీ పనికొచ్చే మార్పు ఒకటుంది, అడుగు చిన్నది చేయడం. దూరంగా చాపి వేసే అడుగు మోకాలిని బ్రేకులా వాడుకుంటుంది. పరుగెత్తేటప్పుడు 30 సెకన్లలో కుడి పాదం ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 38 సార్లు తాకితే నిమిషానికి 152 అడుగులన్నమాట. దాన్ని ఐదు శాతం పెంచితే చాలు, అంటే 30 సెకన్లకి 40. వేగం పెంచొద్దు, అదే వేగంలో అడుగులు పెంచండి. పాదం మీకు ఇష్టమొచ్చినట్టే దిగనివ్వండి. దాన్ని మార్చే పని పెట్టుకోవద్దు. మొదటి రోజు కోడిపిల్లలా పరుగెడుతున్నట్టనిపించి నవ్వొస్తుంది, వారంలో అలవాటైపోతుంది.

ఇంటి సంగతికి వద్దాం. పరుగుకి మంచి బూట్లు కొనుక్కుంటాం, ఇంటికొచ్చి టైల్స్ మీద వట్టి కాళ్లతో ఆరు గంటలు నిలబడతాం. వంటగదిలో గ్రానైటు గచ్చు, స్కూల్లో సిమెంటు గచ్చు. పీరియడ్ తర్వాత పీరియడ్ నిలబడి పాఠం చెప్పే మీలాంటివాళ్లకి పరుగు లేకపోయినా మడమ శూల వస్తుంది. నా దగ్గరికి మడమ నొప్పితో వచ్చేవాళ్లలో పరుగెత్తేవాళ్ల కంటే గృహిణులు, టీచర్లు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలే ఎక్కువ. ఇంట్లో తిరగడానికి ప్రత్యేకంగా ఒక జత మెత్తటి రబ్బరు చెప్పులు కొనండి, అవి గుమ్మం దాటకూడదు. మంచం పక్కనే పెట్టుకుని, పొద్దున్న మొదటి అడుగు వాటిలోనే వేయండి. వంటింట్లో చెప్పులేమిటని మీ అత్తగారు అనొచ్చు. బయట వేసుకోనివని, కడిగి పెట్టినవని చెప్పి, పూజగది దగ్గర విడిచేస్తానని ఒప్పందం చేసుకోండి. ఈ ఒక్క సలహాకి ఇళ్లలో జరిగే రభస నేను చాలా చూశాను. కానీ నేను చెప్పే వాటిలో చౌకగా, త్వరగా ఫలితమిచ్చేది కూడా ఇదే. స్కూల్లో చప్పటి చెప్పులు మానేసి, అరిగిపోని పాత పరుగు బూట్లు వేసుకోండి. చీర మీద బూట్లేమిటని పిల్లలు రెండు రోజులు నవ్వుతారు.

కార్తీకమాసం కదా, ఇంకో మాట. రాతి గచ్చు మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు ఈ ఏడాదికి తగ్గించుకోండి. అన్నవరం వెళ్తే కొండ మీదికి బస్సుంది. మెట్లు తప్పకపోతే, దిగేటప్పుడు నొప్పి ఉన్న కుడి కాలు ముందు కిందికి వేయండి, ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం కూడా మోకాలు శాంతించేదాకా వద్దు.

వ్యాయామాలు నేను ఎక్కువ చెప్పను. పది చెబితే మూడు రోజులు చేసి మానేస్తారు.

పొద్దున్న మంచం దిగకముందే ఎడమ కాలిని కుడి తొడ మీద వేసుకుని, కాలి వేళ్లని చేత్తో పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి లాగండి. అరికాల్లో పట్టీ తాడులా బిగిసి తగులుతుంది. పది అంకెలు లెక్కపెట్టి వదలండి, పదిసార్లు. ఆ తర్వాతే నేల మీద కాలు పెట్టండి.

రెండోది రోజు విడిచి రోజు. తువ్వాలుని చుట్టలా చుట్టి మెట్టు అంచున పెట్టి, ఎడమ పాదం వేళ్లు దాని మీద పైకి వంగి ఉండేలా నిలబడి, గోడ పట్టుకుని, మడమ పైకి లేపడం. మూడు అంకెల్లో పైకి, రెండు అంకెలు ఆగి, మూడు అంకెల్లో కిందికి. ఒక్కో దఫా 12, అలా మూడు దఫాలు. మొదట్లో ఒంటికాలి మీద నొప్పి ఎక్కువైతే రెండు కాళ్ల మీదా చేసి తర్వాత ఒంటికాలికి రండి. 2014లో డెన్మార్క్ పరిశోధకులు ఈ పద్ధతిని మామూలు సాగదీతతో పోల్చి చూశారు. మూడు నెలలకి దీనిదే పైచేయి, ఏడాది తర్వాత రెండూ ఒకటే. మీకు తొందర ఉంది కాబట్టి ఇదే మంచిది.

మోకాలికి కుర్చీ చాలు. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా మెల్లగా లేవడం, ఇంకా మెల్లగా కూర్చోవడం. పదేసి చొప్పున మూడు దఫాలు. నొప్పెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు చేయండి, మోకాలు అంత మడవక్కర్లేదు. దాంతోపాటు ఎడమ పక్కకి తిరిగి పడుకుని, పైనున్న కుడి కాలిని మోకాలు వంచకుండా ఎత్తి దించడం. తుంటి పక్క మండినట్టైతే సరిగ్గా చేస్తున్నారని లెక్క.

పరుగు ఎప్పుడు? కుంటుతున్నంతకాలం వద్దు. ఈ ఒక్క విషయంలో నేను బేరం ఒప్పుకోను. నొప్పితో పరుగెత్తినవాళ్లకి నయం చేయొచ్చు గానీ, కుంటుతూ పరుగెత్తినవాళ్లు రెండో కాలు, ఆపైన నడుము కూడా తెచ్చుకుంటారు. ముందు రెండు వారాలు నడక, సైకిల్. అరగంట నడిచినా కుంటు రాకపోతే, మర్నాడు పొద్దున్న మొదటి అడుగు నొప్పి పెరగకపోతే, అప్పుడు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అలా పదిసార్లు. రోజు విడిచి రోజు. నొప్పికి పదికి మార్కులేసుకోండి, మీకు మార్కులెయ్యడం నేనేం నేర్పక్కర్లేదు. పరుగెత్తేటప్పుడు మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి మామూలుకి రావాలి. ఈ రెండూ నిలబడితే వారానికి కొంచెం కొంచెంగా పెంచండి. తప్పితే కిందటి వారం చేసిందే మళ్లీ చేయండి. కేలండర్ మీద ప్రతిరోజూ ఆ మార్కు రాస్తూ ఉంటే, మూడు వారాల తర్వాత చూసుకున్నప్పుడు మీకే తెలుస్తుంది ఏ రోజు ఏం చేస్తే పెరిగిందో.

మాత్ర వేసుకుని పరుగెత్తడం వద్దు. నొప్పి మాత్ర పట్టీని బాగు చేయదు, మీకు వచ్చే హెచ్చరికని మాత్రం నొక్కేస్తుంది. మన డెల్టా ఉక్కలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు అలాంటి మాత్రలు కిడ్నీలకీ మంచివి కావు. ఇంజక్షన్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నా కథ వినండి. నాకు 34 ఏళ్లప్పుడు, ఇందాక అన్నట్టు దూరం పెంచేసి, కుడి మడమకి ఇదే తెచ్చుకున్నాను. ఒక క్లినిక్‌లో మడమలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. ఎన్ని రోజులు పరుగు మానాలో వాళ్లు చెప్పలేదు, ఈ వృత్తిలో ఉండి నేనూ అడగలేదు. మూడో రోజుకి నొప్పి మాయం. నాలుగో రోజు పొద్దున్న ధవళేశ్వరం బ్యారేజీ మీద పరుగు. సగం దూరంలో అరికాల్లో తాడు తెగినట్టు ఫట్‌మంది. పట్టీ కొంత చిరిగింది. ఎనిమిది నెలలు పట్టింది మళ్లీ పరుగెత్తడానికి. ఇంజక్షన్ కొద్ది వారాలు ఉపశమనం ఇవ్వగలదు, కానీ పట్టీ తెగడం, మడమ కింది కొవ్వు మెత్త పలచబడటం దాని వల్ల వచ్చే ప్రమాదాలే. అన్ని దారులూ అయిపోయాక, తెలిసిన ఎముకల డాక్టరు చెబితేనే ఆలోచించండి.

ఇటుక వేడి చేసి జిల్లేడాకు పరిచి మడమ ఆనించే వైద్యం మీ ఇంట్లో ఈపాటికే మొదలై ఉంటుంది. వేడి హాయిగానే ఉంటుంది, ఉపశమనం కూడా ఇస్తుంది. నేను కాదనను. కానీ జిల్లేడు పాలు చర్మానికి మంట, కంట్లో పడితే మరీ ప్రమాదం. షుగర్ ముదిరి పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు వేడి ఇటుక జోలికి పోకూడదు, కాలినా తెలియదు. పరుగు అయిన వెంటనే అయితే ఐసు నీళ్ల సీసా గుడ్డలో చుట్టి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి.

కొన్ని ఉంటే మాత్రం నా ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మడమని రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే, పరుగెత్తేకొద్దీ తగ్గకుండా పెరుగుతుంటే, అది ఎముకలో సన్న పగులు కావొచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టైనా, కాలు కింద నుంచి జారిపోయినట్టు వదిలేసినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఆగొద్దు. పాదంలో తిమ్మిరి, మంట ఉంటే నడుములో నరం సంగతి చూడాలి. ఇంకోటి, ఈ వానల్లో మీకు జ్వరం ఏదైనా వచ్చిందా? మీరు రాయలేదు. చికున్‌గున్యా మన జిల్లాలకి కొత్తది కాదు. జ్వరం పోయాక మడమలు, చీలమండలు, మోకాళ్లు, చేతివేళ్లు వారాలు, నెలలు పట్టేస్తాయి. పొద్దున్న బిగుసుకుపోయిన కీళ్లు అరగంటకి కూడా వదలకపోయినా, రెండు కాళ్లకీ చేతులకీ నొప్పులున్నా అది పరుగు తెచ్చింది కాదు, రక్త పరీక్షలు కావాలి. మీకు అలాంటివేవీ లేకపోతే, ఆరు వారాలు ఇవన్నీ చేసి చూసి, మెరుగు కనబడకపోతే అప్పుడు వెళ్లొచ్చు.

బూట్ల గురించి పొడుగ్గా రాయను. ఏడాదిన్నర నుంచి ఒకటే జత అయితే అవి వెయ్యి కిలోమీటర్లు దాటే ఉంటాయి, మార్చండి. మామూలుగా 500 నుంచి 800 మధ్య మారుస్తారు. కొత్తవి మీ పాత వాటిలాంటివే తీసుకోండి, ఈ సమయంలో మడమ బొత్తిగా పలచనివి, చదునువి వద్దు. వానలో తడిసినవాటిని ఎండలో కాకుండా లోపల పేపరు కుక్కి ఆరబెట్టండి.

ఇక విశాఖ. టీచర్ గారూ, 21 కిలోమీటర్లు ఈ డిసెంబరుకి వద్దు. నా లెక్కలో రెండు వారాలు నడక, తర్వాత నిమిషం నిమిషం పరుగు అంటే, డిసెంబరు ఆఖరికి మీరు ఆగకుండా ఐదారు కిలోమీటర్ల దగ్గర ఉంటారు. పైగా అక్కడి బీచ్ రోడ్డు కైలాసగిరి పక్కన ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మనకి ఎక్కడమంటే చించినాడ వంతెన ఎక్కడమే, దిగుడు మీద మోకాలు ఏమంటుందో మనం ఎప్పుడూ విని ఉండం. నిర్వాహకుల్ని అడిగి పేరు ఐదు కిలోమీటర్లకి మార్పించుకోండి. కట్టిన డబ్బులు వదులుకోలేకే పరుగెత్తామని చెప్పి వచ్చినవాళ్లకి ఆ డబ్బుకి పదింతలు నా దగ్గరే ఖర్చైంది. మార్గశిరానికల్లా గట్టు ఆరుతుంది, అప్పుడు గట్టు మీద మొదలుపెడితే వచ్చే ఏడాదికి 21 అందుతుంది. మధ్యలో మీకు ఒక పెద్ద వంతెన వాలు దొరికితే వారానికోసారి నడిచి దిగండి, పరుగెత్తి కాదు.

మీ అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి కూడా ఒక ముక్క రాశారు. ఆవిడ వయసుకి అరుగుదల ఉండి ఉండొచ్చు, అయినా కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం ఆవిడకీ పనికొస్తుంది. సాయంత్రం సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడు ఇద్దరూ చెరో కుర్చీలో మొదలుపెట్టండి. ఆవిడ కుర్చీని మాత్రం వెనక గోడకి ఆనించి పెట్టండి, ప్లాస్టిక్ కుర్చీ అయితే టైల్స్ మీద జారిపోతుంది. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి, మొదట ఐదుసార్లతో సరిపెట్టమనండి.